పాత రివాల్వర్‌ని మెల్లగా తిప్పాలి

నగర్తపేటలో లైసెన్సున్న ఆయుధాల దుకాణం ఒకటుంది. మేడమీద దాని వెనక గదిలో మరమ్మతు పని నాది. వచ్చినవాళ్ళు నన్ను చూసి "మెకానిక్ లేడా అమ్మా?" అంటారు. నేనే అంటే నమ్మరు. గోళ్ళ సందుల్లో నల్లగా పట్టిన నూనె చూపిస్తే అప్పుడు కూర్చుంటారు. ఈ పని నేను ఇష్టపడి నేర్చుకోలేదు, కక్షతో నేర్చుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మా నాయన నగల కొట్టులో గార్డు. సొంత లైసెన్సు, సొంత ఆయుధం ఉంటేనే ఆ కొట్టులో ఉద్యోగం. అందుకని ఒక వ్యాపారి దగ్గర పాత రివాల్వర్ మాట్లాడుకున్నాడు. మొదటిరోజు ఆ వ్యాపారి తూటాని కొట్టే హ్యామర్‌ని లాగుతూ ఖాళీ రివాల్వర్‌ని టకటకా ఆరుసార్లు తిప్పి చూపించాడు. ఇవ్వడం మాత్రం మర్నాడు, సరిగ్గా ఆయుధపూజ నాడు ఇచ్చాడు. దానికి పసుపు, కుంకుమ, పైన బంతిపూలు. నాయన ఇంకోసారి చూద్దామని హ్యామర్ మీద వేలు పెడితే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పూజలో ఉండాది అప్పా! ఈ పొద్దు దాంతో పని చేయించకూడదు. నిన్న నీ కండ్ల ముందరే తిప్పితి కదా."

ఆ రోజు మావాళ్ళు కుట్టుమిషను కూడా తొక్కరు. నాయన రివాల్వర్‌ని కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

నెల తిరక్కముందే కాల్పుల రేంజిలో కాల్చి చూపించాల్సి వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, ఎడమ బొటనవేలు తూటాలుండే సిలిండర్ పక్కన ఆనించాడు. మూడో తూటాకి సిలిండర్ పూర్తిగా తిరగలేదు. తూటా ఉన్న గది గొట్టానికి ఎదురుగా వచ్చి నిలవకముందే పేలింది. సీసం ముక్కలు, మంట పక్క సందులోంచి చిమ్మాయి. బొటనవేలు పోయింది, వెనకే ఉద్యోగమూ పోయింది. ఇప్పటికీ ఆయన చొక్కా గుండీలు అమ్మే పెడుతుంది. "నేనే సరిగా చూసుకోకపోతి" అనడం తప్ప నాయన ఆ వ్యాపారిని ఒక్క మాట అనలేదు. ఆయనకు రాని కోపం కూడా నాకే వచ్చింది.

పనిలో చేరాక తెలిసింది నాకు. లోపల సిలిండర్‌ని తోసే కొక్కెం అరిగిపోతే హ్యామర్ వెనక్కి వచ్చినా సిలిండర్ తన చోటికి చేరదు. కానీ గబగబా లాగితే ఆ ఊపుకే తిరిగి లాక్ పడుతుంది, లోపం బయటపడదు. మెల్లగా లాగితేనే దొరుకుతుంది. ఈ సంగతి తెలియని వ్యాపారి ఉండడు. మరి నాయనకు అమ్మినాయనకు ఆ రోజు తెలుసా, తెలియదా అని ఏళ్ళ తరబడి పళ్ళు కొరుక్కున్నాను.

పోయిన వేసవిలో ఆయనే వచ్చాడు. కొట్టు ఎప్పుడో మూసేశాడట, ముసలివాడైపోయాడు. వెంట కొడుకు. చందాపుర అవతల తోట ఉందని, కాపలాకి తెలిసినవాళ్ళ దగ్గర పాత రివాల్వర్ కొంటున్నానని, ముందు చూసి చెప్పమని ఆ కొడుకు అడిగాడు. ముసలాయన నన్ను గుర్తుపట్టలేదు. నేను మాత్రం చూడగానే గుర్తుపట్టాను.

తెరిచి ఖాళీ అని చూసుకున్నాను. గొట్టంలోకి వెలుతురు పంపి చూశాను, ఉబ్బు లేదు. సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపాను, పెద్దగా వదులు లేదు. తర్వాత మెల్లగా తిప్పాలి. వాళ్ళకు పూర్తిగా కనబడకుండా, బల్ల కింద ఒడిలో పెట్టుకుని తిప్పాను. నాలుగో గది దగ్గర హ్యామర్ నిలిచింది, సిలిండర్ మాత్రం లాక్ పడలేదు. మా నాయన రివాల్వర్‌కున్న జబ్బే.

దాన్ని పైకి తీసి టకటకా ఆరుసార్లు లాగాను. ప్రతిసారీ చక్కగా లాక్ పడింది. "బ్రహ్మాండంగా ఉంది సార్" అన్నాను. చెడ్డ మాటే. అనాలనే అన్నాను.

కొడుకు మొహం వెలిగింది. ముసలాయన మాత్రం కుర్చీలోంచి ముందుకు వంగి నా చేతికేసి చెయ్యి చాపాడు.

"అట్ల కాదమ్మా. మెల్లగ... మెల్లగ తిప్పు. నా బిడ్డ పట్టుకునేది కదా."

అప్పుడు తెలిసింది, ఆయనకు ఆ ఆయుధపూజ నాడూ తెలుసని.

మెల్లగా తిప్పాను. నాలుగో గది దగ్గర ఆపి, కొడుకు వేలితో సిలిండర్‌ని కదిపించాను. అది అటూ ఇటూ ఊగింది. "ఇది పనికిరాదు, కొనొద్దు. మా నాయనకు ఇలాంటిదాన్నే మీ నాయన అమ్మాడు. ఆయుధపూజ అని చెప్పి మెల్లగా తిప్పనియ్యలేదు. బొటనవేలు పోయింది" అన్నాను.

"నిజమా నాయనా?" అన్నాడు కొడుకు. ముసలాయన తల దించుకుని కుర్చీలోంచి లేచాడు.

కొడుకు రివాల్వర్ పెట్టె తీసుకుని వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు. తండ్రి గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ దిగాడు. చెయ్యి ఇవ్వడానికి నేను లేవలేదు. ఆఖరి మెట్టు దాకా చూస్తూ కూర్చున్నాను.