బెల్లు మోగినా తెరవను

ఆస్పత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆపరేషన్ గదులకు వెళ్లే గుడ్డలను మూటలు కట్టి, క్రిములు చచ్చేలా ఆవిరి యంత్రంలో పెట్టి తీసేది ఆమే కాబట్టి అందరికీ మూటలమ్మ. ఇరవై ఆరేళ్లుగా అదే పని. చివరి ఆరేళ్లూ ఆ గది ఇన్‌చార్జి చేయాల్సినదంతా ఆమే చేసింది, పేరు మాత్రం వేరేవాళ్లది. ఇంగ్లీషు రాదని ఆమెను రెండుసార్లు పక్కన పెట్టారు. ఆమె బదులు వచ్చినవాళ్లకు ఇంగ్లీషు వచ్చు, మూట కట్టడం రాదు. అదెందుకో ఎవరికీ లోటుగా కనిపించలేదు!

మూడోసారి ఆ కుర్చీ ఖాళీ అయింది. ఇన్‌చార్జి కావాలంటే యంత్రం నడిపే పద్ధతి ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాలని కొత్త మేనేజరు నోటీసు అంటించాడు. పోటీకి వచ్చింది స్టోరు గుమాస్తా ఒక్కడే. అతను ఆ యంత్రాన్ని కిటికీలోంచి చూడటమే గానీ ఏనాడూ ముట్టుకోలేదు. యాభై రెండేళ్ల మూటలమ్మ ఆ సాయంత్రమే ఒక నోటుపుస్తకం కొనుక్కొచ్చి, బడిలో ఇంగ్లీషు చెప్పే కోడలి ముందు కూర్చుంది.

"ఇన్నాళ్లూ నీ పనికి నేను వంకలు పెట్టాను. ఇప్పుడు నీ వంతు. మొహమాటపడకు," అంది.

కోడలు బొత్తిగా మొహమాటపడలేదు. వారం తిరక్కుండా పుస్తకమంతా ఎర్రసిరాతో నింపేసింది.

"అత్తయ్యా, మళ్లీ రెండు విల్‌లు పెట్టారు. 'వెన్ ద బెల్ విల్ రింగ్' అనకూడదు. 'వెన్ ద బెల్ రింగ్స్' అనాలి. విల్ రెండో ముక్కలోనే వస్తుంది."

"బెల్లు ఇంకా మోగలేదు కదే? రేపు మోగేదాన్ని ఇవాళే మోగుతున్నట్టు ఎలా రాయను? అబద్ధం కాదూ?"

"వాళ్ల పద్ధతి అంతే అత్తయ్యా."

"అంతే అంటే నా బుర్రకెక్కదు."

పక్క గదిలో పేపరు చదువుకుంటున్న మూటలమ్మ మొగుడు ఊరుకోలేకపోయాడు. "అమ్మాయ్, మీ అత్తకి ఇంగ్లీషు కూడా వచ్చేస్తే నేనిక ఏ భాషలో నోరు మూసుకోవాలి?"

రెండు రోజులపాటు మూటలు కడుతున్నంతసేపూ ఆమె ఆ వాక్యాన్నే నమిలింది. మూడో రోజు గుమ్మంలోంచే కేకేసింది.

"తెలిసిందే అమ్మాయ్! మోగడం బెల్లు పని. అది నాకేం మాటివ్వదు, మోగినప్పుడు మోగుతుంది. మోగాక నేనేం చేస్తానన్నది నా మాట. ఆ విల్ మాటిచ్చే మనిషికి!"

కోడలు నవ్వేసింది. "పుస్తకంలో అలా లేదు గానీ, రేపు మా పిల్లలకి నేనూ ఇలాగే చెప్తాను."

అసలు చిక్కు ఆ బెల్లుతోనే. యంత్రం పాతది. టైము కాగానే బెల్లు మోగుతుంది, కానీ లోపలి ఆవిరి అప్పటికింకా పోదు. తలుపు పక్కనున్న ఆవిరి మీటరు సూది సున్నాకు దిగడానికి మరో ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మూటలమ్మ కొత్తగా చేరిన రోజుల్లో, ఆమెకు పని నేర్పిన అక్కను పైనుంచి ఎవరో తొందరపెట్టారు. ఆవిడ బెల్లు మోగగానే గడియ తిప్పింది. మోచేతుల దాకా తోలు ఊడిపోయింది. ఆ చేతులు మళ్లీ మూట కట్టలేదు. తొందరపెట్టినవాళ్లు మాత్రం తామేమీ అనలేదన్నారు. ఆ రోజు నుంచి సూది సున్నాకు రాకుండా మూటలమ్మ చేత ఆ తలుపు తెరిపించగలిగిన డాక్టరు లేడు.

పరీక్ష మేనేజరు గదిలో జరిగింది. పక్కన హెడ్ నర్సు కూడా కూర్చుంది. మూటలమ్మ తొమ్మిది వాక్యాలు తప్పుల్లేకుండా రాసింది. పదోది చదివి మేనేజరు ఆగిపోయాడు.

"వెన్ ద బెల్ రింగ్స్, ఐ విల్ నాట్ ఓపెన్ ద డోర్."

"ఇంగ్లీషు బాగుందమ్మా, ఒక్క తప్పు కూడా లేదు," అన్నాడు. "కానీ పని ఇలా కాదు. ప్రతి ఆపరేషనుకీ ఏడెనిమిది నిమిషాలు ఊరికే పోతున్నాయి. ఆ 'నాట్' కొట్టేయండి. ఇవాళే ఆర్డరు ఇచ్చేస్తాను."

ఒక్క గీత! ఆరేళ్ల చాకిరీకి ఆ గీత గీస్తే చాలు, పేరు దక్కుతుంది. ఆమెకు ఆశ లేకపోలేదు. కలం చేతిలోనే ఉంది. ఎర్రసిరాతో దిద్దిన కోడలు ఆమె కళ్ల ముందు మెదిలింది. వెంటనే ఆ అక్క చేతులు మెదిలాయి, ఒళ్లు మండిపోయింది.

కలాన్ని మేనేజరు ముందు పెట్టింది. "మీరే కొట్టేయండి సార్. కొట్టేసి, 'బెల్లు మోగగానే తెరవమన్నది నేనే' అని కింద రాసి సంతకం పెట్టండి. తీసుకెళ్లి యంత్రానికి అంటిస్తాను."

హెడ్ నర్సు తల తిప్పి మేనేజరునే చూస్తూ కూర్చుంది. ఆయన కలం అందుకుని, ఒకసారి కాగితం వైపు చూసి, కలాన్ని తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"పోస్టు మీకు రాదు," అన్నాడు.

"రాకపోతే పోనీండి. ఇన్‌చార్జినయినా, కాకపోయినా నేను తెరవను," అని ఆమె తన కాగితం తను తీసుకుని బయటికి వచ్చేసింది.

అన్నంత పనీ చేశాడాయన. సోమవారం ఉదయం స్టోరు గుమాస్తా ఇన్‌చార్జి హోదాలో గదిలోకి వచ్చాడు. పదింటికి బెల్లు మోగింది. అతను చొరవగా వెళ్లి గడియ మీద చెయ్యి వేశాడు. అతని కళ్లెదురుగా, తలుపు మీద, నాలుగు మూలలా ప్లాస్టరు వేసి అంటించిన కాగితం ఉంది.

"ఎవరు రాశారిది?"

"నేనే," అంది మూటలమ్మ. "మీకు ఇంగ్లీషు వచ్చు కదా. అందరికీ వినబడేలా చదవండి."

అతను చదివాడు. మూటలు కడుతున్న ఆడవాళ్లందరూ చేతులు ఆపి విన్నారు. చివరి మాట దాకా చదివి, సూది వైపు చూసి, అతను గడియ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఎంతసేపు ఆగాలమ్మా?" అని అడిగాడు కొత్త ఇన్‌చార్జి.

"నేను చెప్పేదాకా," అంది ఆమె.