నీళ్లు ముందు, నూనె తర్వాత

ఇప్పటికీ నా కూతురి తల దువ్వే ముందు నీళ్ల సీసా వెతుక్కుంటాను.

ఆ రోజు ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని దువ్వుతున్నాను. దానిదీ నాలాగే బిగుసుకున్న ఉంగరాల జుట్టు. దువ్వెన దిగినప్పుడల్లా కెవ్వుమంటోంది. ‘‘ఇదేం జుట్టే నీకు!’’ అని కసురుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ నన్ను రోజూ అన్న మాటే అది.

పక్కన కూర్చున్న ముసలామె నా చేతిలోంచి దువ్వెన తీసేసుకుంది.

‘‘ఎండు నూలును పైనించి గుంజితే తెగిపోదా తల్లీ? మాది మగ్గాల ఇల్లు. సిక్కు పడితే నూలును తిడతామా? తడుపుతాం.’’

తన సీసాలోని నీళ్లు అరచేతిలో పోసుకుని పాప జుట్టంతా తడిపింది. నా సంచిలోని కొబ్బరినూనె అడిగి తీసుకుని, ఆ తడి మీదే రెండు చుక్కలు రాసింది. తర్వాత కొసల నుంచి మొదలుపెట్టి, ఒక్కో పాయనూ వేళ్లతోనే విడదీసింది. మధ్యలోనే పాప నిద్రపోయింది.

జడ వేయడం అయ్యాక ఆమె నా తల వైపు చూసింది. దువ్వలేక గట్టిగా బిగించి కట్టేసిన ముడి నాది.

‘‘నువ్వూ ఇట్ల తిరుగమ్మా,’’ అంది, మళ్లీ చేయి తడుపుకుంటూ.

తిరిగాను. ఎమ్మిగనూరు వచ్చేదాకా కదల్లేదు.