మేనేజరుగారి రబ్బరు

మొన్న మా మేనకోడలు, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఓ ఫ్రేమ్‌వర్క్ లోపలి సంగతి చూపించింది. అది డేటాబేసును నమ్మదట. ముందు ఓ ఉత్తుత్తి పట్టిక చేయించి, అందులో ఒక్క వరుస రాయించి, దాన్ని వెనక్కి తీసుకోమని చెప్పి, ఆనక తనే వెళ్ళి ఆ వరుస నిజంగా పోయిందా లేదా అని చూసుకుంటుందట. ఆ అనుమానం నాకు బాగా తెలిసినదే.

నా తొలి ఉద్యోగంలో, ద్రాక్షారామం దగ్గరి ఓ కల్యాణమండపానికి పెళ్ళి తారీఖులు నమోదు చేసే ప్రోగ్రాం రాశాను. అక్కడి మేనేజరుగారు తాంబూలాలు పుచ్చుకునేదాకా ఏ తారీఖునైనా పెన్సిల్‌తోనే రాసేవారు. సిరా ఆ తర్వాతే. కొత్త పుస్తకం తెరిస్తే మొదటి పేజీ మూల ఓ గీత గీసి, రబ్బరుతో చెరిపి, జాడ మిగిలిందేమోనని కిటికీ వెలుగులో చూసేవారు. కాగితం మీదా అనుమానమే, రబ్బరు మీదా అనుమానమే. నా కంప్యూటరును ఎగాదిగా చూసి, "ఇది చెరిపిందో లేదో తమరు చూశారాండీ?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మధ్యలో ఏది తెగినా అంతా మునుపటిలా అయిపోయే ఏర్పాటుందని దబాయించి, ఆ పుస్తకం బీరువాలో పెట్టించేశాను.

ఇంతలో ఆ మండపంలోనే మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. వియ్యాలవారు ముహూర్తం మార్చమంటే, తారీఖు మార్చడానికి నేనే కూర్చున్నాను. పాతది చెరిగింది, కొత్తది రాసేచోట ప్రోగ్రాం ఆగిపోయింది. వెనక్కి తీసుకోమంటే డేటాబేసు సరేనంది; మార్పు రద్దయిందని తెర మీద పడింది. సరే పొమ్మని అందరం పాత ముహూర్తానికే ఒప్పుకున్నాం. తీరా చూస్తే ఆ డేటాబేసుకు వెనక్కి తీసుకునే శక్తే లేదు, ఊరికే తలాడించింది. నేను ఒక్కసారి తెరిచి చూస్తే తెలిసేది, చూడలేదు. ఖాళీగా కనిపించిన మా పాత తారీఖును మండపంవాళ్ళు వేరేవాళ్ళకు ఇచ్చేశారని శుభలేఖలు పంచాక తెలిసింది.

మేనేజరుగారే కాళ్ళరిగేలా తిరిగి ఓ రైసుమిల్లు గోడౌను మాట్లాడిపెట్టారు. పెళ్ళి అక్కడే అయింది. ఆయన వెళ్ళేటప్పుడు తన రబ్బరు ముక్క నా జేబులో వేసి పోయారు. ఆనాటి నుంచి నేను తాళం వేసిన తలుపునైనా లాగి చూడందే కదలను.

ఆ రోజుల్లో అలా చూసుకునేవారిని చాదస్తులనేవాళ్ళం. ఇప్పుడు యంత్రాలే చూసుకుంటున్నాయి, నవ్వేవాళ్ళు లేరు. చూపిద్దామంటే మేనేజరుగారూ లేరు.

ఇదంతా చెబితే మేనకోడలు విస్తుపోయింది. అమ్మానాన్నల పెళ్ళి ఫొటోల్లో వెనక ధాన్యం బస్తాలేంటని చిన్నప్పుడు అడిగితే, తనే ముచ్చటపడి అక్కడ చేయమన్నానని వాళ్ళమ్మ చెప్పిందట. ఇన్నేళ్ళూ చెల్లెలు నా పేరు బయటపెట్టనే లేదు.