చిలకల బొంతకు వెలుతురు పెట్టె

బొమ్మ కింద వెలుతురు పెట్టి గుడ్డ మీదికి గీసుకునే లైట్ బాక్స్ నాలుగు రోజులకు ఎరువివ్వమని అడిగితే, బొంతలు కుట్టేవాళ్ళ క్విల్టింగ్ సంఘం పెద్దావిడ నా చేతిలో దరఖాస్తు కాగితం పెట్టింది. సంఘంలో చేరి ఆరు నెలలు నిండినవాళ్ళకే ఇస్తారట. ఆ పెట్టేమో వాళ్ళ హాలులో ఓ మూల బల్ల మీద ఊరికే పడి ఉంది. దాని మీద ఎవరిదో తాగేసిన కాఫీ కప్పు కూడా ఉంది. "మీ ఇంట్లో కిటికీ ఉంటుందిగా. ఎండ వచ్చినప్పుడు అద్దానికి అంటించి గీసుకో. మేమంతా మొదట్లో అలాగే చేశాం" అని తియ్యగా చెప్పింది. పైన పరిచే గుడ్డ లేత రంగుదై ఉండాలట, ముదురు రంగైతే కింది గీత కనపడదట. కెనడాలోని సస్కటూన్‌లో జనవరి నెల అది. ఎండ మొహం చూసి వారమైంది. ఒళ్ళు మండింది. అయినా నవ్వుతూ థాంక్యూ చెప్పి వచ్చాను. అలా నవ్వి వచ్చినందుకు నా మీద నాకే ఇంకా మండింది.

మా అమ్మాయికి మార్చిలో కాన్పు. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో అడిగితే సగం ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. సీమంతానికి పట్టుచీర వద్దంది, నగలు వద్దంది. "అమ్మా, బేబీకి నా చిలకల బొంత కావాలి. సేమ్ వన్" అని ఒక్కటే అడిగింది. అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు మా అమ్మ కుట్టి పంపిన బొంత అది. ముదురు నీలం నేతచీర మీద తెల్లదారంతో గొలుసుకుట్టు, ఎదురెదురుగా రెండు చిలకలు. మేం ముందు సార్నియా అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో అది కప్పందే ఈ పిల్ల కన్ను మూసేది కాదు.

ఆ బొంత ఇప్పుడు లేదు. మా ఆయన పుణ్యమే. సార్నియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరై, అమ్మాయికి దగ్గరగా ఉందామని ఈ ఊరు వచ్చేటప్పుడు, పాతబట్టల సంచులతో పాటు దాన్నీ తీసుకెళ్ళి విరాళాల డబ్బాలో పడేసి వచ్చారు. ఈ సంగతి మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. కాఫీ తాగడానికొచ్చిన ఆంటీలకు చెప్పాను, అంకుళ్ళకు చెప్పాను, చివరికి వియ్యపురాలికి కూడా చెప్పాను. ఆయన పక్కనే కూర్చుని వినేవారు తప్ప ఒక్కసారీ నోరు విప్పలేదు. ఏ మొహం పెట్టుకుని విప్పుతారు అనేదాన్ని.

ఇక మిగిలింది ఆ చిలకల కోసం అమ్మ గీసుకున్న బొమ్మ కాగితం ఒక్కటే. అమ్మ పోయాక ఆవిడ కుట్టుపెట్టెలో దొరికితే తెచ్చుకున్నాను. పల్చటి కాగితం, మడతల దగ్గర అరిగిపోయింది. వెనకటికి పోస్టాఫీసుల్లో వాడేవారే, తడి తగిలితే ఊదారంగుకు తిరిగే పెన్సిలు, దానితో గీసింది. ఆ చిలకలను చూసి గియ్యడం నా వల్ల కాదు. నేను గీస్తే కోళ్ళవుతాయి. అందుకే కింద వెలుతురు పెట్టి, ఉన్నది ఉన్నట్టు గుడ్డ మీదికి దించుకోవాలనుకున్నాను. అమ్మాయి ఫోటో తీసి ప్రింట్ చెయ్యమంది. మా అమ్మ చేతి గీతను మిషన్లో దూర్చి తీస్తే అది అమ్మ గీత ఎలా అవుతుందని కసిరాను. వినుంటే ఎంత బాగుండేది.

క్విల్టింగ్ సంఘం కథ విని మా ఆయన బేస్‌మెంట్‌లోకి దిగారు. గంటసేపు ఏవేవో చప్పుళ్ళు. చివరికి బట్టలు దాచుకునే ప్లాస్టిక్ డబ్బా ఒకటి బోర్లించి తెచ్చారు. దాని లోపల దీపావళికి ఇంటిముందు వేలాడదీసే సీరియల్ సెట్ చుట్టి పెట్టారు. ప్లగ్గు పెడితే డబ్బా అంతా వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది.

"ముందు ఆ మిణుకు మిణుకు ఆపండి" అన్నాను.

"ఆగదు. ఆ బటన్ పోయింది. వెలిగినప్పుడు గియ్యి, ఆరినప్పుడు రెస్ట్ తీసుకో."

ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసినాయన చెప్పిన మాట ఇది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "బొంత పారేసినవాళ్ళ సాయం నాకు అక్కర్లేదు" అన్నాను. ఆయన దాన్ని డైనింగ్ టేబుల్ చివరన పెట్టి, టీవీ ముందుకు వెళ్ళిపోయారు.

రెండు రోజులకు ఎండ వచ్చింది. బయట మైనస్ ముప్పై, మంచు మీద పడిన వెలుతురుకు కళ్ళు చెదురుతున్నాయి. మా ఇంట్లో దక్షిణపు ఎండ నేరుగా పడేది వంటింటి కిటికీ మీదే. కాగితాన్ని నాలుగు మూలలా టేపు వేసి అద్దానికి అంటించి, పైన మీగడరంగు చీరముక్క కప్పి, దానికీ టేపు వేశాను. ఆ మీగడరంగు చూస్తుంటే కడుపు మండింది. పిల్ల అడిగింది నీలం బొంత. వెలుతురుకు నచ్చదని నేను రంగు మార్చుకోవాలా? ఎండ ఇంకొంచెం పైకి వస్తే గీత స్పష్టంగా కనిపిస్తుందని, ఈలోగా పప్పు అయిపోతుందని కుక్కరు ఎక్కించాను. ఏ దేశంలో ఉన్నా పదకొండయ్యేసరికి చెయ్యి దానంతటదే కుక్కరు మీదికి పోతుంది.

నాలుగు కూతలయ్యాయి. వంటిల్లంతా ఆవిరి కమ్ముకుంది. గడ్డకట్టే చలికి బిగుసుకుపోయి ఉన్న అద్దం మీదికి ఆ ఆవిరంతా వెళ్ళి నీళ్ళయి కారింది. పెన్సిలు తీసుకుని వెళ్ళేసరికి మీగడరంగు గుడ్డ మీద ఊదా మరక పాకుతోంది. గుడ్డ లాగేసి చూస్తే చిలకలు లేవు. ముక్కులు, రెక్కలు, తోకలు కలిసిపోయి ఒకటే ఊదా ముద్ద.

నేను తిట్టని మనిషి లేదు. ఆ పెద్దావిడను తిట్టాను, ఆమె కిటికీని తిట్టాను, కుక్కరును, ఈ చలిని, ఈ దేశాన్ని తిట్టాను. అలవాటుగా మా ఆయననూ తిట్టాను. తరవాత అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన వచ్చారు. టేపులు ఒక్కొక్కటే గోటితో లేపి, తడికాగితాన్ని రెండు చేతుల మీద తీసుకుని, తన డబ్బా మీద పరిచారు. "ఎక్కడన్నా గీత మిగిలిందేమో చూద్దాం" అని ప్లగ్గు పెట్టారు.

గీత మిగల్లేదు. కానీ ఊదా ముద్దలో సన్నటి చుక్కలు వెలిగాయి. ముక్కు చుట్టూ చుక్కలు, మెడ చుట్టూ చుక్కలు, రెక్కలో ఒక్కో ఈకకూ చుక్కలు. ఆరాయి. మళ్ళీ వెలిగాయి.

సూదిబెజ్జాలు. అమ్మ అసలు వెలుతురు పెట్టి గీసేదే కాదు. కాగితం మీద గీత వెంబడే సూదితో బెజ్జాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, పొడి మూటతో తట్టేది. తెల్లగుడ్డకైతే నీలిమందు, ముదురు గుడ్డకైతే బియ్యప్పిండి. కాగితం తీస్తే గుడ్డ మీద చుక్కలుండేవి. ముగ్గు కలిపినట్టు వాటిని సుద్దతో కలిపేది. కాగితం జరక్కుండా పట్టుకునే పని నాది. పదేళ్ళప్పుడు నా చేతుల కింద జరిగిన పనిని మరిచిపోయి, ఒక పెట్టె కోసం సంఘంవాళ్ళ ముందు చెయ్యి చాచాను. ఇంత మతిమరుపు మనిషికి ఊరందరి మీదా కోపం ఒకటి.

మర్నాడు మా అమ్మాయి వచ్చింది. కాగితం అప్పటికి ఆరింది. నా ముదురు నీలం మంగళగిరి చీర టేబుల్ మీద పరిచి, పైన కాగితం పెట్టాను. మా ఆయన రెండువైపులా చేతులు ఆనించి పట్టుకున్నారు. పల్చటి గుడ్డలో బియ్యప్పిండి మూటకట్టి మెల్లగా తడుతున్నాను. అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని చూస్తోంది.

"అమ్మా, దిస్ టైమ్ జాగ్రత్తగా దాచు. లేకపోతే నాన్న మళ్ళీ డొనేట్ చేసేస్తారు" అని నవ్వింది.

ఇంతకాలం దానికి నేను నేర్పిన మాటే అది. ఆయన చేతులు కాగితం మీదే ఉన్నాయి, కొంచెం కూడా కదల్లేదు. నా చేతిలో మూట ఆగిపోయింది.

"నాన్న కాదు, నేను" అన్నాను. "నువ్వు యూనివర్సిటీకి వెళ్ళాక, కొత్త కంఫర్టర్ దుప్పటి కొన్నాక, ఆ బొంత తీసుకెళ్ళి గ్యారేజీలో గడ్డి కోసే లాన్‌మోవర్ మీద కప్పాను. నాలుగేళ్ళు అక్కడే ఉంది. నూనె మరకలు పడ్డాయి. ఆయన దాన్ని పాతగుడ్డ అనుకున్నారు. అనుకునేలా చేసింది నేనే."

అమ్మాయి నా వైపు చూసింది, తరవాత వాళ్ళ నాన్న వైపు చూసింది. "నాన్నా, మీకు తెలుసా? మరి ఎందుకు చెప్పలేదు?" అంది. దానంతట అది ఇంగ్లీషు కలవని తెలుగులో ఒక ప్రశ్న అడగడం నేను విని ఎన్నాళ్ళయిందో.

ఆయన తల ఎత్తలేదు.

"గట్టిగా మాట్లాడకండి" అన్నారు. "పిండి చెదురుతుంది."