ట్రిప్పుకు ఎన్ని లోడ్లు

2017 జూన్ 20, మంగళవారం, ఉదయం పదిన్నర. ప్రొద్దుటూరులో మా ఇంటి గేటు చప్పుడైంది. నేను రమ్మన్నది పదింటికి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరై అప్పటికి రెండేళ్లు. అయినా ఎవరైనా ఆలస్యంగా వస్తే నాకు ఒళ్లు మండడం మాత్రం తగ్గలేదు.

వచ్చింది నాగవేణి, నేను చివరగా పాఠం చెప్పిన బ్యాచ్ పిల్ల. వెంట వాళ్లమ్మ ఓబులమ్మ. జమ్మలమడుగు దగ్గర పల్లెలో గొర్రెలు మేపుకునే కుటుంబం.

"అరగంట లేటు" అన్నాను.

"బస్సులో కాలు పెట్టే సందు లేదమ్మా. ఒకటి ఆపకనే పాయ. రెండోదాంట్లో నిలబడుకోని వచ్చినాం" అంది ఓబులమ్మ, వసారాలో కూలబడుతూ.

నాగవేణికి డిప్లొమాలో ఒక్క పేపరు మిగిలింది. కిందటేడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే సీటు వచ్చింది. ఈ పేపరు తప్పడంతో అదీ పోయింది. మళ్లీ ఎంట్రన్స్ రాసి ర్యాంకు తెచ్చుకుంది. సప్లిమెంటరీ రెండు వారాల్లో ఉంది. ఇది కూడా తప్పితే చదువు చాలించమని వాళ్ల నాయన అనేశాడట.

"అన్నీ వస్తాయి మేడమ్. బస్ లెక్క ఒక్కటే ఎప్పుడు చేసినా సగమే వస్తాది" అంది.

కంప్యూటర్‌లో బస్ అంటే ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య డేటా నడిచే తీగల వరుస. అది సెకనుకు ఎన్ని బైట్లు మోయగలదో చెప్పేదే బ్యాండ్‌విడ్త్. ఒక లెక్క ఇచ్చాను: వెడల్పు 64 బిట్లు, క్లాక్ 800 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు ఎనభై కోట్లసార్లు లేచిపడే సిగ్నల్, మెమరీ డీడీఆర్ రకం. పైకి చెబుతూ చేయమన్నాను.

"అరవై నాలుగు బై ఎనిమిది, ఎనిమిది బైట్లు. ఎనిమిది ఇంటూ ఎనిమిది వందలు, ఆరువేల నాలుగు వందల మెగాబైట్లు."

పెన్ను కింద పెట్టేసింది.

"డీడీఆర్ అంటే?"

"డబుల్ డేటా రేట్. క్లాక్ లేచేటప్పుడు ఒకసారి, పడేటప్పుడు ఒకసారి డేటా పోతాది." బట్టీ పట్టినట్టు గడగడా చెప్పింది.

"మరి రెండుతో ఎందుకు హెచ్చవేయలేదు?"

తల గీరుకుంది. "క్లాక్ సైకిల్ అంటే ఒక ట్రిప్పని మీరే చెప్పినారు గదా మేడమ్. లేచేది పోవడం, పడేది రావడం. ట్రిప్పుకు ఒక లోడే గదా. వచ్చేటప్పుడు బండి ఖాళీ."

"ఏ బండి?"

"మా గొర్రెల బండి. పులివెందుల తట్టు సంతకు నిండుగా పోతాది, ఖాళీగా వస్తాది."

"ఆ బండి గోల ఈడ ఎందుకే?" అని వసారాలోంచి కసిరింది ఓబులమ్మ. "సదువు చెప్పమంటే గొర్రెల్ని తెస్తాండావు!"

నాకు నవ్వొచ్చింది. అంతలోనే అర్థమైంది. నేను ట్రిప్పు అన్నప్పుడు ఆర్టీసీ బస్సు నా మనసులో ఉంది. ఆ పిల్ల ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు.

"నువ్వు వచ్చిన బస్సు ప్రొద్దుటూరు నుంచి తిరిగి ఖాళీగా పోతుందా?"

"యాడిది మేడమ్! అప్పుడూ నిలబడుకోనే."

"అయితే ఒక్క ట్రిప్పులో ఆ బస్సు ఎన్ని లోడ్ల జనాన్ని మోసింది?"

పెన్ను తీసి, ఆరువేల నాలుగు వందల పక్కన ఇంటూ రెండు వేసి, పన్నెండువేల ఎనిమిది వందలని రాసి కింద రెండు గీతలు గీసింది.

అక్కడితో ఊరుకుని ఉంటే నేను ఆమెకు ఇంతగా రుణపడేదాన్ని కాదు. "కానీ మేడమ్, వచ్చే బస్సు ఎనక్కి గదా వచ్చేది. డేటా రెండుసార్లూ ఒకే తట్టు పోతాది. అట్లయితే దీన్ని ట్రిప్పని ఎట్లంటాం?" అని అడిగింది.

ఆ పోలిక తరగతిలో ఎందరికో చెప్పాను. తలలూపారే తప్ప ఇలా ఎవరూ అడగలేదు.

"లేస్తే ఒకటి, పడితే ఒకటి అంటే సాలు" అని తనే తేల్చేసింది. ఇప్పటికీ ఇంటికొచ్చే పిల్లలకు ఆ మాటతోనే చెబుతున్నాను. కొత్త మాట వాడితే, మీ ఇంట్లో దీన్ని దేనికంటారని ముందు అడుగుతున్నాను. ఇది నాకు నాగవేణి నేర్పింది.

పేపరు గట్టెక్కింది. సీటూ వచ్చింది. ఫలితం తెలిసిన రోజు ఓబులమ్మ ఫోన్ చేసి, "మా గొర్రెలే పాసు చేయించినాయంట గదమ్మా!" అంది.

పోయినవాటి లెక్క: నాగవేణికి ఒక ఏడాది, మొదట వచ్చిన సీటు. నాకు ఒక పోలిక.