పన్నెండు మెట్ల మీది సూది

బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మనివాళ్లు మెట్టుగూడలో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం రెండో చెయ్యి కూడా వేస్తున్నాను.

పోలీసు చర్య ముగిసి, మిలిటరీ లారీలు తిరుమలగిరి వైపు ఇంకా తిరుగుతూనే ఉన్న రోజులు. ఆ వానాకాలం మా వీధుల్లో కలరా పడింది. సూది వేయించుకున్నట్టు చిట్టీ చూపిస్తేనే రేషన్ దుకాణంలో జొన్నలిస్తామన్నారు. సూది వేసేది బడి మేడ మీద. పన్నెండు మెట్లు.

మా మేనత్తకు చిన్ననాటి జ్వరంతో కాళ్లు చచ్చుబడ్డాయి. రెండు చేతులా చెక్కలు పట్టుకుని, వాటి మీద ఒంటిని మోపుతూ నేల మీద జరిగేది. ఒంటరిది, రవికలు కుట్టి బతికేది. ఆమె డబ్బాలో నాలుగు రోజులకు సరిపడా జొన్నలే మిగిలాయి.

మొదట ఆమె రేషన్ కార్డు పట్టుకుని నేనొక్కడినే వెళ్లాను. నాకప్పుడు ఇరవై ఏళ్లు, పెద్దమనిషినైపోయానని భ్రమ. మేడ మీద సూదులు పెట్టిన బల్ల దగ్గరి గుమాస్తా కార్డును చూశాడు, నన్ను చూశాడు.

"సూది మనిషికేస్తమా, కార్డుకేస్తమా? మనిషి హాజరు గావాలె."

"ఆమె నడవలేదు సాబ్."

"అయితే మోసుకరా. నాకేం తక్లీఫ్ లేదు."

ఈ మాట చెప్పగానే అత్త కత్తెర కింద పెట్టింది. "మోసుకపోనీకి నేనేమన్న జొన్నల మూటనారా? రేపు పొద్దుగాల నేనే వస్త."

వచ్చింది. మా దగ్గర వరుసలో మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. చెప్పులు వరుసగా వదిలేసి అందరూ గోడ నీడన కూర్చుంటారు. వరుస కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, అందరి చెప్పులనూ కాలితో ముందుకు నెడతారు. అత్తకు చెప్పులెక్కడివి? తన చెక్కలు రెండూ వరుసలో పెట్టి గోడకానుకుంది. కాపలా కాయాల్సిన నేను ముచ్చట్లలో పడ్డాను. చూసేసరికి చెక్కల్లేవు. గేటు దగ్గర చాయ్ అమ్మే ఆమె పొయ్యిలో మండుతున్నాయి.

"అయ్యో అక్కా! చెప్పుల నడుమ గీ కట్టెలేందని ఎత్తుకొచ్చిన!" అని ఆమె లబోదిబోమంది.

"చాయన్న మరిగిందా?" అంది అత్త. "ఒక కప్పు పొయ్."

చాయ్ తాగి, ఉత్త అరచేతులతో బురదలో జరుగుతూ వెళ్లి, మొదటి మెట్టు ముందు కూర్చుంది.

"అత్తా, ఎత్తుకుంట," అని వంగాను.

"జరుగు. నేను ఎక్క. సూదే దిగాలె."

కళ్లు కనిపించని ముసలాయన ఒకాయన కర్ర తాటించుకుంటూ వచ్చి, "మెట్లెన్నమ్మా?" అనడిగాడు.

"పన్నెండు."

"అయితే నేను సుత కూసుంట."

తర్వాత ఒక నిండు చూలాలు కూర్చుంది. వెనకవాళ్లు, "తొవ్వ ఇడువమ్మా!" అని అరిచారు.

"పక్కకెల్లి పొండ్రి, నేనేమన్న గోడనా?" అంది అత్త.

పైనుంచి గుమాస్తా తొంగిచూశాడు. "కింద సూదేసే రూలు లేదు!"

"హాజరు గావాలంటివి, అయిన. మెట్లెక్కాలని నీ కాయితంల యాడుందో సదువు, వింట."

అతను కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు.

అప్పుడే ఒక జీపు వచ్చి ఆగింది. బారెడు మీసాల మిలిటరీ అధికారి దిగాడు. అత్తకు బూట్లు టకటకలాడేలా సెల్యూట్ కొట్టి, పైకి చూసి ఒక్క కేక వేశాడు. బల్ల దిగింది, దాని వెనక స్పిరిటు దీపం పట్టుకుని డాక్టరు దిగాడు. అత్త రవిక చెయ్యి పైకి లాగింది. సూది పడింది, చిట్టీ చేతికొచ్చింది.

జీపు అబద్ధం. మీసాలు, సెల్యూటు, కేక, అన్నీ నేనే అల్లాను. అత్త పొద్దుటినుంచి మధ్యాహ్నం దాటేదాకా అక్కడినుంచి కదల్లేదు. చివరికి బల్ల కిందికి తెచ్చింది ఆ గుమాస్తానే. ఒక కొస అతను పట్టుకున్నాడు, ఒక కొస నేను. ఆ మనిషికి మంచిపేరు ఇవ్వబుద్ధి కాక ఇన్నాళ్లూ జీపును తోలుకొచ్చాను. నేల మీద కూర్చున్న ఆడమనిషి మాటకే బల్ల దిగిందంటే నమ్మరేమోనన్న అనుమానం కూడా ఉండేది.

మిగతాదంతా జరిగిందే. ఆ సాయంత్రమే అత్త చిట్టీ చూపించి జొన్నలు తెచ్చుకుంది. బల్లను మళ్లీ పైకి మోయమని మర్నాడు ఎవరూ అనలేదు.