పొట్టేలు ముక్కుకు బేరం

పోయిన శుక్రవారం కువైట్‌లోని మిర్కాబ్‌లో మేం ఎప్పుడూ కూర్చునే టీ అంగట్లో, కోనసీమ నుంచి వచ్చిన ఒక డ్రైవరు తన ఫోను నా ముఖానికి ఆనించినంత పని చేశాడు. "అన్నగారూ, ఇది చూశారాండీ? గొర్రెలకి అందాల పోటీలంటండీ బాబూ! దీనికి కొట్టిన సెంటు మా ఆవిడకి కూడా కొనలేదండి నేను!" అని ఒకటే నవ్వు. ఫోనులో ఎర్ర తివాచీ మీద ఒక నజ్దీ జాతి పొట్టేలు. ఒళ్లంతా పట్టుదారంలా వేలాడే నల్లటి బొచ్చు, తెల్లటి ముఖం, పొడవాటి చెవులు, చిలక ముక్కులా వంపు తిరిగి ఉబికిన ముక్కు. ఎవరో పెద్దమనిషి వంగి ఆ ముక్కును బొటనవేలితో నిమిరాడు. నోట్లో టీ ఉండగానే లేచాను. అంగడి వెనక్కి పోయి ఊసి వచ్చాను. "ఏమైందండీ, ఈగ పడిందాండీ?" అన్నాడు పాపం. ఈగే అన్నాను.

నేను రాయచోటి బజారు వీధిలో పెరిగినవాణ్ణి. నాయనది గుడ్డలంగడి, మేనమామది స్టీలు సామాన్ల అంగడి, తాతది పప్పుల అంగడి. బేరం ఆడకుండా వస్తువు కొంటే ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం అరిగేది కాదు. లోపం వెతుకు, వస్తువు కింద పెట్టు, మెట్లు దిగు, మూడో మెట్టు మీద వాళ్లే పిలుస్తారు. ఇదీ మా చదువు. కువైట్ వచ్చి సల్వాలో ఇంటి డ్రైవరుగా చేరాక ఈ విద్యను కొత్తిమీర కట్టల మీదా, కారు టైర్ల మీదా ప్రదర్శించి కఫీల్ దగ్గర, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర, పేరు తెచ్చుకున్నాను. సాయంత్రాలు మగవాళ్లంతా చేరే దీవానియా గదిలో ఆయన స్నేహితులతో "మా హిందీని, ఈ ఇండియావాణ్ణి పంపితే చాలు, అంగడివాడు ఏడుస్తాడు" అనేవాడు. ఆ మాట ఇంకోసారి వినబడుతుందేమోనని, కాఫీ పళ్లెం లోపలికి ఇచ్చేశాక కూడా గుమ్మం దగ్గర కాసేపు నిలబడేవాణ్ణి.

కఫీల్‌కు ఊరి బయట కబ్ద్‌లో ఒక జాఖూర్ ఉండేది. జాఖూర్ అంటే ఎడారిలో కట్టిన పశువుల కొట్టం. పోటీ గొర్రెలకు అక్కడ పెద్ద పెద్ద కూలర్లు, వాటిని చూసుకునే మామకు రేకుల గది. ఆ గొర్రెల వంశం కఫీల్‌కు కంఠతా వచ్చు. ఇది ఫలానా పొట్టేలు కొడుకు, దీని తాత మొదటి బహుమతి కొట్టింది, అమ్మమ్మ ఫలానావారి మందలోది అని ఐదు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. నా కాగితాల మీద అచ్చేసి ఉన్న మా నాయన పేరు మాత్రం ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. అసహ్యం నాకు అప్పుడే పుట్టి ఉండాల్సింది. పుట్టలేదు. గొప్పింటి గొర్రెల గురించి నేను కూడా గొప్పగా చెప్పుకు తిరిగాను.

మామ అంటే సొంత మామ కాదు. మా ఊరి పక్క పల్లె సాయిబు, అరవై దగ్గరపడిన మనిషి, పరాయి దేశంలో వరస కలుపుకున్నాం. తల్లి ఈనగానే చచ్చిపోతే ఒక పొట్టేలు పిల్లను ఆయన తన గదిలోనే పడుకోబెట్టుకుని సీసా పాలతో పెంచాడు. అది పెరిగి కొట్టం మొత్తానికి అందగాడైంది. ఆ కొట్టంలో చట్టం ఒకటే. పోటీలో స్థానం వచ్చిన పొట్టేలు విత్తనానికి మిగులుతుంది, రానిది విందులో అన్నం మీదికి పోతుంది. ఆ ఏడు దాని వంతు వచ్చింది.

బొచ్చు, ఎత్తు, చెవులు అన్నీ కుదిరాయి. ముక్కు ఒక్కటే తగినంత లేవలేదు. ముక్కులోకి సూదులు వేసి ఉబ్బించే మనిషి ఒకడున్నాడనీ, రేటు మాట్లాడి తీసుకురమ్మనీ కఫీల్ నాకు చెప్పాడు. అది పోటీ నియమాలకు విరుద్ధం. అందుకే గుట్టుగా చేయాలి. ఆ రోజు మామ నా పికప్ తలుపు పట్టుకుని వదల్లేదు.

"పొట్టేలు ముక్కు వయసుతో లేస్తాదబ్బీ. దీని నాయనకూ ఇంతే, రెండో ఏట లేచింది. ఒక్క సంవచ్చరం ఆగమని చెప్పు. నేను చెబితే గొర్రెలు కాసేటోని మాట. నీకు నోరుండాది, నువ్వు చెబితే ఇంటాడు."

"చూస్తాలే మామా" అన్నాను. నేను చూసింది సూదులవాడి రేటునే.

వాడు ఐసుపెట్టె తెరిచి వరసగా చిన్న గాజు సీసాలు చూపించాడు. నేను లోపం వెతికాను, సీసా కింద పెట్టాను, నడిచాను. కొట్టం గేటు దాటకముందే "తాల్, తాల్" అని పిలిచాడు. సగానికి దించాను. "జేన్" అని తలూపి, ఆ పెట్టె మూసేసి, కారు డిక్కీలోంచి ఇంకో సీసా తీశాడు. దానికి పేరూ లేదు, కాగితమూ లేదు. లోపల పాత నూనెలాంటి చిక్కటి ద్రవం. మా అంగట్లో మరీ గీసి గీసి బేరమాడేవాళ్లకు నాయన "సరే, నీ రేటుకే తీసుకో" అని లోపలికి పోయి రెండో రకం గుడ్డ తాను తెచ్చేవాడు. ఆ తాన్లు నేనే మోసేవాణ్ణి. కాబట్టి డిక్కీ తెరుచుకోగానే నాకు అర్థమైంది. అర్థమైనా సూది వేయమని తలూపాను. ఆ రేటు విని కఫీల్ ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటున్నాను. మామ పొట్టేలు తలను రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సూది మూడుసార్లు దిగింది. అయ్యాక నా వైపు చూడకుండానే "బాగా గెలిచినావబ్బీ" అన్నాడు.

నాలుగు రోజులు ముక్కు మహాద్భుతంగా ఉంది. కఫీల్ వంగి దానికి ముద్దు పెట్టాడు. ఐదో రోజు ఒక పక్క వేడెక్కింది, తర్వాత గడ్డ కట్టింది. మామ ఉప్పునీళ్లతో కాపడం పెట్టాడు. నేను పైన తెల్ల పౌడరు అద్ది, వాసన తెలియకుండా ఊద్ అత్తరు పూశాను. కుళ్లు మీద అత్తరు పూస్తే వచ్చే వాసనకు ఏ భాషలోనూ పేరు ఉండదనుకుంటాను.

పోటీ గుడారంలో గొర్రెలకు శాటిన్ దుప్పట్లు, బొచ్చు ఆరబెట్టే మిషన్లు, తేనె కలిపిన పాలు. వాటిని తెచ్చిన పనివాళ్లు బయట ఎండలో నిలబడి ఉన్నారు. మా పొట్టేలు వంతు వచ్చింది. న్యాయనిర్ణేత దాని ముక్కు మీద బొటనవేలు పెట్టి కాస్త నొక్కాడు. పసుపు పచ్చని చీము ఆయన తెల్లటి దిష్‌దాషా అంగీ చేతి మీదికి చిమ్మింది. పొట్టేలు అరవలేదు, తల మాత్రం పక్కకు తిప్పుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుని నవ్వారు. కఫీల్ నా దగ్గరికొచ్చి "ఖలాస్. ఎల్లుండి విందుకు" అన్నాడు.

మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడన్నా అడుగబ్బీ. ముక్కు మానుతాది, కావాలంటే నా జీతంలో పట్టుకోమను."

ఎన్ని దార్లున్నాయో నాకు ఆ నిమిషంలోనే కనబడ్డాయి. ఆ వంశం రక్తం మీద కఫీల్‌కు ఉన్న పిచ్చి చాలు, దాన్నే పట్టుకుని లాగవచ్చు. పుట్టబోయే పిల్లలకు తాత ముక్కు వస్తుందనవచ్చు. కొత్తిమీర కట్టకు కూడా ఇంతకంటే బలంగా వాదించాను. కానీ నోరు తెరిస్తే రెండో సీసా సంగతి బయటికొస్తుంది. కఫీల్‌తో "హాజిర్", చిత్తం అన్నాను. మామ చెయ్యి తీసేశాడు. పొట్టేలును కసాయి దగ్గరికి నడిపింది నేనే. వెనక పికప్‌లో దాని పక్కన కూర్చుని వచ్చింది మామ.

తల పారేసి మిగతాది వండారు. విందులో మిగిలిన అన్నం పెద్ద పళ్లెంలో పనివాళ్ల గదికి వచ్చింది. దాల్చినచెక్క, యాలకుల వాసన గుమగుమలాడుతోంది. తిన్నాను. రెండోసారి కూడా పెట్టుకున్నాను.

మర్నాడు మేత బస్తాలు దింపడానికి కబ్ద్ వెళితే మామ తిట్టలేదు. ఎప్పటిలాగే టీ పోసి ఇచ్చాడు.

"తిన్యావా?"

"లేదు మామా."

"ఒక్క నిజమన్నా బేరం లేకుండా చెప్పబ్బీ" అన్నాడు.

నేను మేత బస్తాలు దింపడానికి లేచాను. ఆ ఎండాకాలం ఆయన కాగితాలు ముగించుకుని ఊరికి వెళ్లిపోయాడు. విమానాశ్రయానికి కూడా నేనే తీసుకెళ్లాను. దారంతా ఇద్దరం ఎండ గురించే మాట్లాడుకున్నాం. ఏళ్లు గడిచేకొద్దీ దీని కంపు తగ్గుతుందనుకున్నాను. కొన్ని పనులు చేసిన రోజు అంతగా వాసన రావు, కాలమే వాటిని మాగబెడుతుంది.